పడ్డావా, దూకావా?

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు పర్లాకిమిడిలో జరిగిన సభలో ఒక టీచరుగారు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? వినబడనివాళ్ళు చెయ్యెత్తండి. ఆ... ఎత్తారంటే వినబడుతున్నట్టే.

నన్ను పిలిచిన పెద్దలు ఫోన్లో ఒక మాట అన్నారు. "మీ నాన్నగారు జూడో మాస్టారు కదమ్మా, ఆయన గురించి చెప్పు" అన్నారు. ముందు ఆ మాట సరిచెయ్యాలి. మా నాన్నగారు మాస్టారు కారు. ఆయన మన చిన్న రైల్లో, నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే అప్పటి నేరోగేజి లైన్లో, బుకింగ్ క్లర్కు. టికెట్లు కొట్టేవారు. జూడోలో ఆయన విద్యార్థి. 1964లో మొదలుపెట్టారు, 2019లో పోయారు. యాభై ఐదేళ్ళు విద్యార్థి. తెల్ల బెల్టు కట్టుకుని మొదలుపెట్టారు, చివరిదాకా తెల్ల బెల్టే. యాభై ఐదేళ్ళు ఒకే క్లాసు చదివినవాణ్ణి మా స్కూల్లో అయితే ఏమంటామో మీకు తెలుసు.

ఇవాళ గిడుగువారి రోజు, ఇందులో జూడో ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ మా ఇంట్లో ఈ రెండు పేర్లూ ఎప్పుడూ కలిసే వినబడేవి. ఎందుకో తర్వాత చెప్తాను.

1964 అక్టోబరు. టోక్యోలో ఒలింపిక్స్. ఒలింపిక్స్‌లో జూడో పెట్టడం అదే మొదలు. బరువుతో పని లేకుండా ఎవరైనా పోటీ చెయ్యగలిగే విభాగం అప్పట్లో ఒకటుండేది. దాని ఫైనల్లో జపాన్ తరఫున అకియో కమినాగ, ఎదురుగా హాలండ్ నుంచి అంటోన్ గీసింక్. గీసింక్ ఆరున్నర అడుగుల మనిషి. కమినాగని కింద పడేసి, మీద పడుకుని, 30 సెకన్లు లేవనివ్వలేదు. జపానువాళ్ళ విద్యలో, జపానువాళ్ళ ఊళ్ళో, జపానువాళ్ళ ముందు జపానువాడు ఓడిపోయాడు. ఆ వార్త ఉన్న పేపరు రైల్లో ఒక రోజు ఆలస్యంగా మన ఊరొచ్చింది. ఇరవై ఒక్కేళ్ళ బుకింగ్ క్లర్కు టికెట్ల కిటికీ వెనక కూర్చుని చదివారు.

జపాన్ ఓడిపోయిన రోజున మా నాన్నకి జూడో మీద ప్రేమ పుట్టింది. విడ్డూరం కదా? గెలిచినవాణ్ణి చూసి పుట్టిందా అంటే అదీ కాదు. గీసింక్ గెలవగానే హాలండ్ వాళ్ళు ఆనందం పట్టలేక చాప మీదికి పరిగెత్తుకొస్తున్నారట. ఆయన ఇంకా లేవను కూడా లేదు, చెయ్యెత్తి ఆపేశాడు. చాప మీదికి అలా రాకూడదు, ఓడినవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. నాన్నని పట్టుకుంది అదీ. "గెలిచినవాడు మొట్టమొదట చేసిన పని తనవాళ్ళని ఆపడం. అలా నేర్పిన విద్య ఏమిటో చూడాలి" అనుకున్నారట. ఈ ముక్క మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అన్నం తినేటప్పుడు చెప్పేవారు, తలకి నూనె రాసేటప్పుడు చెప్పేవారు.

చూడాలంటే ఎక్కడ చూడాలి? పర్లాకిమిడిలో జూడో ఎక్కడుంది? రైల్వే పాసు మీద కలకత్తా వెళ్ళి, కాలేజ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చారు. బొమ్మలతో సహా అన్నీ ఉన్నాయి. మధ్యలో పదిహేను పేజీలు లేవు. సరే, ఉన్నవి చదువుదామని, స్టేషన్లో పనిచేసే ఒక కుర్రాణ్ణి బతిమాలి, ఇసకలో మొదలుపెట్టారు. రెండో వారం ఆ కుర్రాడు బాగా విసిరాడు. నాన్నకి కాలర్ బోన్ విరిగింది.

ఇంతకీ ఆ పోయిన పదిహేను పేజీల్లో ఏముందో తెలుసా? ఎలా పడాలో ఉంది.

జూడోలో మొదట నేర్పేది అదేనండి. ఉకెమి అంటారు. పడటం. గడ్డం గుండెకి ఆనించి, నడుం ముడి చూస్తూ, వీపు గుండ్రంగా చేసి, నేల తగిలే లోపలే చేత్తో చాపని ఫట్‌మని కొట్టాలి. నేల మనల్ని కొట్టకముందు మనం నేలని కొట్టాలన్నమాట. తల తగలదు, దెబ్బంతా ఒక్కచోట పడదు. మా నాన్న విసరడం ముందు నేర్చుకుని, పడటం తర్వాత నేర్చుకున్నారు. చాలామంది జీవితంలో చేసేది అదే అనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఎముకకి పక్క ఊళ్ళో కట్లు కట్టే నాటు వైద్యుడు కట్టు కట్టాడు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు తిట్టని తిట్టు లేదు. చాలా ఏళ్ళ తర్వాత నాన్న జిగోరో కానో జీవితం చదివారు. జూడోని పుట్టించిన ఆయన కానో. 1860లో పుట్టాడు. మనిషి పొట్టి, బలహీనం, స్కూల్లో అందరిచేతా దెబ్బలు తినేవాడు. బలంలేనివాడు కూడా బలవంతుణ్ణి గెలిచే విద్య జుజుత్సు అని విని, నేర్పేవాళ్ళ కోసం వెతికాడు. దొరకలేదు. సమురాయిల కాలం అయిపోయింది, ఆ విద్యలకి గిరాకీ లేదు. ఆ గురువులంతా పొట్టకూటికి ఎముకలు కట్టే వైద్యం చేసుకుంటున్నారు. అందుకని కానో టోక్యో వీధుల్లో ఎముకల వైద్యుల బోర్డులు వెతుక్కుంటూ తిరిగాడు! అలా దొరికిన గురువు ఫుకుదా హచినొసుకే. ఇది చదివిన రోజున నాన్న మామ్మని పిలిచి, "చూశావా అమ్మా, నేనూ సరైన చోటికే వెళ్ళాను" అన్నారు. మామ్మ, "నువ్వు విరగ్గొట్టుకుని వెళ్ళావురా నాయనా, ఆయన విరక్కుండా వెళ్ళాడు" అంది.

కానో 1882లో టోక్యోలో ఏషోజి అనే గుడిలో చిన్న చోటు అద్దెకి తీసుకుని కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు. పన్నెండు చాపల గది, తొమ్మిదిమంది శిష్యులు. వీళ్ళు దబదబా పడుతుంటే గుడి అదిరిపోతోందని అక్కడి సన్యాసులు గోల. ఇక్కడ ముసలివాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ కాలం అంటే మనవైపు ఇంకెవరు గుర్తొస్తారు? అదీ. కోడి రామ్మూర్తి నాయుడుగారు. మన వీరఘట్టంలో ఆ రోజుల్లోనే పుట్టారు. మన ప్రాంతంలో బలం అంటే ఆయనే. గుండెమీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. మా తాతగారి తరానికి ఆయన దేవుడు. అందుకే నాన్న జూడో అంటే తాతగారు, "రామ్మూర్తిగారు ఉండగా మనకి జపానువాడెందుకురా" అనేవారు. నాన్న జవాబు ఇది. "రామ్మూర్తిగారిలా ఉండాలంటే రామ్మూర్తిగారై పుట్టాలి నాన్నా. ఈయన నాలాంటివాడికి చెప్తున్నాడు."

కానో చెప్పిన లెక్క ఒకటుంది. నాన్న మాకు పలక మీద వేసి చూపించేవారు. ఎదుటివాడి బలం పది, నీది ఏడు. వాడు తోశాడు, నువ్వు ఏడుతో ఎదురు నిలబడ్డావు. ఓడిపోతావు, అందులో అనుమానం లేదు. అదే, వాడు తోసినప్పుడు నువ్వు అంతమేరా వెనక్కి జరిగావనుకో. వాడు ముందుకి తూలతాడు. తూలినవాడి దగ్గర పది ఉండదు, మూడే ఉంటుంది. నీ దగ్గర ఏడూ అలాగే ఉంది. ఇప్పుడు వాణ్ణి పడెయ్యడానికి నీకు సగం బలం చాలు. జూ అంటే మెత్తన, లొంగడం. డో అంటే దారి. మన మహేంద్రతనయలో వరదొచ్చినప్పుడు దాటినవాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. నీటికి ఎదురు నడవరు కదా, ఏటవాలుగా దిగి, ఎక్కడో కిందకి పోయి ఒడ్డెక్కుతారు.

చాపల సంగతి చెప్తాను. ఇది నాకు ఇష్టమైన సంగతి. జపానువాళ్ళ తతామీ అంటే ఏమిటనుకున్నారు? లోపల వరిగడ్డి. గట్టిగా అదిమి కుట్టిన వరిగడ్డి దిమ్మ. పైన తుంగలాంటి గడ్డితో అల్లిన చాప. నాన్న ఇది చదివి పడీపడీ నవ్వారట. వరిగడ్డి, తుంగచాప! ఈ రెండింటికోసం మనం జపాను వెళ్ళాలా? పొలం నుంచి ఒక బండి గడ్డి తెప్పించి, పరుపులు కుట్టే సాయిబుగారితో గోనెల్లో కూరి కుట్టించి, పైన తుంగచాపలు వేశారు. మా వసారాలో ఆరు చాపలు పట్టాయి. "కానోగారికి పన్నెండు, మనకి ఆరు, సగం కొడోకాన్" అనేవారు. వానాకాలంలో గడ్డి ముక్కి వాసనొచ్చేది. ఎలుకలు చేరేవి. ప్రతి సంక్రాంతికీ కొత్త గడ్డి.

ఇంక చొక్కా. జూడో చొక్కా మామూలు గుడ్డైతే ఒక్క గుంజుకి చిరుగుతుంది. దళసరి గుడ్డ, దగ్గర దగ్గరగా కుట్టు ఉండాలి. మామ్మ ఆ ఫొటో చూసి, "ఏటుందిరా ఇందులో, బొంత కుట్టేగా" అంది. పాత పంచెలు నాలుగు మడతలు వేసి, బొంత కుట్టినట్టు కుట్టి ఇచ్చింది. ఇప్పటికీ నా దగ్గరుంది. ఇవాళ తెద్దామనుకున్నాను, మా అమ్మాయి వద్దంది.

చాప ఉంది, చొక్కా ఉంది, పుస్తకం ఉంది. ఏది లేదు? మనిషి లేడు. యోగా ఒక్కరూ చెయ్యొచ్చు, కర్రసాము ఒక్కరూ తిప్పొచ్చు. జూడో ఒక్కరు చెయ్యలేరండి. పట్టుకోడానికి ఒక మెడపట్టీ, ఒక చొక్కా చెయ్యీ, వాటి లోపల ఒక మనిషీ కావాలి. గుంజకి సైకిల్ ట్యూబు కట్టి లాగేవారు, నిజమే, కానీ గుంజ పడదు కదా. అక్కడే గిడుగువారు వచ్చేవారు. "గిడుగువారు సవర భాష నేర్చుకోవాలనుకున్నారు, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి నేర్చుకున్నారు. వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. నేను జపాను మనిషిని ఎక్కడినుంచి తెచ్చుకోను?" అనేవారు. తెచ్చుకోలేక ఏం చేశారు? పెళ్ళి చేసుకున్నారు. పిల్లల్ని కన్నారు.

నాన్న జూడో నేర్చుకున్నారు. పడింది మేము.

నవ్వకండి, నిజం. తమ్ముడూ నేనూ రోజూ పొద్దున్న ఐదింటికి, నౌపడ బండి రాకముందు, చాపమీద ఉండాలి. ఒక మాట మాత్రం చెప్పాలి. మమ్మల్ని విసరడానికి ముందు ఆరు నెలలు పడటమే నేర్పించారు. తన కాలర్ బోన్ మర్చిపోలేదు. "బొడ్డు చూడు, బొడ్డు చూడు" అని అరిచేవారు. పక్కింటి ఒడియా మాస్టారు వచ్చి, ఏమిటీ ధబధబలు, బియ్యం దంచుతున్నారా అని అడిగేవారు. నేను పదో తరగతి పరీక్షలకి చదువుకుంటున్నా సరే, "ఒక్క పది నిమిషాలమ్మా, చెయ్యి పట్టుకుని నిలబడు చాలు" అనేవారు. పది నిమిషాలు గంటయ్యేది. సెలవులకి అందరూ మామయ్యగారి ఊళ్ళు వెళ్తే మేము శాంతినికేతన్ వెళ్ళాం. ఎందుకంటే ఠాగూరు 1905లోనే సానో అనే జపాను ఆయన్ని జుజుత్సు నేర్పడానికి అక్కడికి పిలిపించారు, 1929లో తకగాకి అనే ఆయన్ని జూడోకి పిలిపించారు. ఆడపిల్లలకి కూడా నేర్పించారు. అది చూడ్డానికి వెళ్ళాం. వాళ్ళంతా వెళ్ళిపోయి ఎన్ని ఏళ్ళు! చెట్లు చూసి వచ్చాం. నాకు కోపం ఉండేది. ఇప్పుడూ కొంచెం ఉంది. నాన్నలో నచ్చనిది ఏమిటంటే, మా ఒళ్ళు మాదని ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒకసారి విశాఖలో పది రోజుల క్యాంపు అంటే సెలవు పెట్టి వెళ్ళారు. అప్పటికి నాన్నకి నలభై దాటాయి. అక్కడ నేర్పే ఆయన పుస్తకంలో ప్రశ్నలన్నీ అడిగించుకుని, చివర్న, "మీకు అన్నీ తెలుసండి, మీ చేతులకే తెలీదు" అన్నాడట. నాన్న బాధపడలేదు. వచ్చి నోటుబుక్కులో రాసుకున్నారు. బెల్టు పరీక్ష రాయనివ్వమని అడిగితే మాత్రం, ఏ క్లబ్బులోనూ పేరు లేదు కాబట్టి కుదరదన్నారట. మళ్ళీ అడగలేదు. ఆ సంగతి అమ్మ చెప్తేగానీ మాకు తెలీదు.

ఆడపిల్లనని నన్ను ఎప్పుడూ మానమనలేదు, అదీ చెప్పాలి. కేకో ఫుకుదా అని ఒకావిడ ఉండేది. ఇందాక చెప్పాను, ఎముకల వైద్యుడు, కానోగారి మొదటి గురువు. ఆయన మనవరాలు. 1935లో కొడోకాన్‌లో చేరింది, కానోగారి దగ్గరే నేర్చుకుంది. డాన్ అంటే నల్ల బెల్టులో మెట్టు. ఆడవాళ్ళకి ఐదో డాన్ దాటి ఇచ్చేది లేదన్నారు. ఎంత వచ్చినా ఐదే. 1972లో గానీ ఆరో డాన్ ఇవ్వలేదు. 2011లో అమెరికాలో ఆవిడకి పదో డాన్ ఇచ్చారు, అప్పటికి తొంభై ఎనిమిదేళ్ళు. ఆ వార్త తెలిసిన రోజున నాన్న బరంపురం ఫోన్ చేసి, నేను హలో అనేలోపే, "ఇచ్చారమ్మా" అన్నారు. ఎవరికి, ఏమిటి, ఏమీ లేదు. "ఇచ్చారమ్మా." ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చిందనుకున్నాను.

భాష గురించి ఒక్క నిమిషం చెప్పకపోతే ఇవాళ నన్ను ఇక్కడినుంచి దిగనివ్వరు. నాన్న జపాను అక్షరాలు నేర్చుకున్నారు. హిరగానా, కతకానా పూర్తిగా, బొమ్మల అక్షరాలు ఒక రెండొందలు. ఆయన వాదన ఏమిటంటే, తెలుగువాడికి జపాను భాష ఇంగ్లీషు కంటే తేలిక. మనం "నేను అన్నం తింటాను" అంటాం, వాళ్ళూ అదే వరసలో, నేను, అన్నం, తింటాను. చివరికి క్రియ. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, వాళ్ళవీ ఇంచుమించు అంతే. ఉకెమి, కుజుషి, ఉకి ఒతోషి. తెలుగులో రాస్తే ఒక్క అక్షరం ఇబ్బంది పడదు. మాకు బళ్ళో చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగు, నాన్న ఆఫీసు రాతలు ఇంగ్లీషు. కానీ జూడో నోటుబుక్కులు, ముప్ఫై ఒకటున్నాయి, అన్నీ తెలుగులో. 1936 నుంచీ మనం ఒడిశాలో ఉన్నాం, ఈ ఊళ్ళో కూర్చుని ఒకాయన జపాను విద్యని తెలుగులో రాసుకున్నాడు. ఎవరూ చదవరని తెలిసే రాసుకున్నాడు.

ఆ ముప్ఫై ఒక్క పుస్తకాల్లోనూ ఒక ప్రశ్న ఉంది. అది చెప్పి ఆపేస్తాను.

నగె నో కతా అని ఒక వరస ఉంది. పదిహేను విసుర్లు, ఒక పద్ధతి ప్రకారం ఇద్దరు చేసి చూపించేది. అందులో మొట్టమొదటిది ఉకి ఒతోషి. తేల్చి పడెయ్యడం అన్నమాట. ఇందులో నడుం ఆనించడం లేదు, కాలు అడ్డం పెట్టడం లేదు, ఎత్తడం లేదు. ఎదుటివాడి చొక్కా పట్టుకుని వెనక్కి ఒక అడుగు, రెండు అడుగులు, మూడో అడుగు పెద్దది వేసి, ఎడమ మోకాలు నేలకి దించి, చేతులతో లాగుతారు. అంతే. ఎదుటివాడు గాల్లో తిరిగి వెల్లకిలా పడతాడు. బొమ్మలో చూస్తే మాయలా ఉంటుంది. జూడో తెలిసినవాళ్ళే అడుగుతారు, వాడు నిజంగా పడుతున్నాడా, లేక చూడ్డానికి బావుంటుందని తనే దూకుతున్నాడా అని. నాన్నకి యాభై ఏళ్ళు అదే ప్రశ్న. మమ్మల్ని విసిరినప్పుడల్లా లేచీలేవగానే అడిగేవారు. "పడ్డావా, దూకావా? నిజం చెప్పు." త్వరగా వదిలేస్తారని మేము, "పడ్డాం నాన్నా" అనేవాళ్ళం. ఆయనకి తెలిసిపోయేది. నోటుబుక్కులో రాసేవారు. "దూకింది."

కానోగారికీ ఇలాంటిదే జరిగింది. ఈకుబో అని ఆయన మూడో గురువు, యాభై దాటిన మనిషి, కుర్రాడైన కానోని ఏళ్ళతరబడి విసురుతూనే ఉన్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి తలకిందులైంది. గురువు పడుతున్నాడు, శిష్యుడు పడటం లేదు. ఏం జరిగిందని ఆలోచిస్తే, తను విసరడానికి ముందే ఆయన నిలకడ తప్పిస్తున్నానని కానోకి తెలిసింది. కుజుషి అంటే అదే. నిలబడినవాణ్ణి ఎవరూ పడెయ్యలేరు, ముందు తూలించాలి, తూలిన ఆ రెప్పపాటులో లాగాలి. ఇక నీకు నేర్పేది లేదన్నాడట గురువు.

1983లో ఒక ఆదివారం. నేను స్కూలు చదువులో ఉన్నాను, వసారా గట్టుమీద కూర్చున్నాను. తమ్ముడికి జ్వరం. నాన్న అమ్మని బతిమాలారు. అమ్మ ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. ఆ రోజు చీర బిగించి, మామ్మ కుట్టిన చొక్కా పైన తొడుక్కుని, "ఒక్కసారే" అంది. ఒక అడుగు. రెండు అడుగులు. మూడోది. నాన్న మోకాలు దించారు. అమ్మ గాల్లో తిరిగింది. ఫట్‌మని చాప చప్పుడు. నేను ఇప్పటికీ అంత అందమైన విసురు వీడియోల్లో కూడా చూడలేదు. ఇద్దరూ అలా ఉండిపోయారు. నాన్న అడగలేదు. మమ్మల్ని వందలసార్లు అడిగిన మనిషి, అమ్మని ఆ మాట అడగలేదు. ఆ రాత్రి నోటుబుక్కులో తేదీ వేసి ఒకే ముక్క రాశారు. "పడింది." పక్కన చిన్న ప్రశ్న గుర్తు.

నాన్న పోయాక పన్నెండో రోజు అయిన తర్వాత, పుస్తకాలు సర్దుతుంటే ఆ పేజీ వచ్చింది. అమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. అడిగాను. "అమ్మా, ఆ రోజు పడ్డావా, దూకావా?"

అమ్మ వత్తి చెయ్యడం ఆపలేదు. "ఏమో, నాకేం తెలుసు. పొయ్యిమీద పాలు పొంగుతున్నట్టు చప్పుడైంది. అటు తిరిగాను" అంది.